ప్రింటర్ పాడవలేదు... మాటే కలవట్లేదు!

నిన్నటిదాకా గడగడా పేజీలు కక్కిన ప్రింటర్, కంప్యూటర్‌కి కొత్త విండోస్ వేయగానే మూగనోము పట్టిందా? లైటు వెలుగుతుంది. కాగితం ఉంటుంది. టోనర్ ఉంటుంది. ప్రింట్ కొడితే మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు. ఎవర్ని అడిగినా ఒకటే సలహా: ‘‘అది పాతదైపోయింది, కొత్తది కొనుక్కోండి.’’

సలహా ఇచ్చేవాళ్లకి పోయేదేముంది? డబ్బులు పెట్టేది మనం కదా! మామూలు బ్లాక్ అండ్ వైట్ లేజర్ ప్రింటర్ కొనాలన్నా పది, పదిహేను వేలు వదులుతాయి. అందుకే పర్సు తీసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. నిజంగా పాడైంది ప్రింటరేనా?

నేను చూసినంతలో చాలాసార్లు కాదు. కంప్యూటర్‌కీ ప్రింటర్‌కీ మధ్య ఒక దుబాసీ ఉంటాడు. కంప్యూటర్ చెప్పేదాన్ని ప్రింటర్‌కి అర్థమయ్యే భాషలోకి మార్చి చెప్పడమే అతని పని. ఆ దుబాసీ పేరే డ్రైవర్. కొత్త విండోస్ వచ్చినప్పుడు మాయమయ్యేది ఎక్కువగా ఇతనే. అతన్ని వెతికి తెస్తే పాత ప్రింటర్ మళ్లీ పలుకుతుంది.

ఇప్పుడే ఎందుకీ గోల?

విండోస్ 10 వచ్చింది 2015 జులైలో. పదేళ్ల తర్వాత, 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ దానికి మామూలు సపోర్ట్ ఆపేసింది. ఈఎస్‌యూ పేరుతో మరో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకునే దారి ఇచ్చినా, చాలామంది ‘ఎప్పటికైనా తప్పదు కదా’ అని విండోస్ 11కి మారిపోయారు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. విండోస్ 10లో 32 బిట్, 64 బిట్ అని రెండు రకాలు ఉండేవి. విండోస్ 11లో 32 బిట్ రకం అసలు లేనే లేదు. 64 బిట్ విండోస్‌లో పాత 32 బిట్ సాఫ్ట్‌వేర్లు చాలావరకు నడుస్తాయి. డ్రైవర్లు మాత్రం నడవవు. మీ ప్రింటర్‌తో పాటు పదేళ్ల కింద వచ్చిన సీడీలో 32 బిట్ డ్రైవర్ ఒక్కటే ఉందనుకోండి, ఆ సీడీని ఎన్నిసార్లు తిప్పినా లాభం లేదు.

కోహీర్‌లో ఏమైందంటే...

జహీరాబాద్ పక్కన కోహీర్ అనగానే అందరికీ గుర్తొచ్చేది జామపండ్లు. నాకు మాత్రం ఈ మధ్య ఒక జిరాక్స్ షాపు గుర్తొస్తోంది. ఆన్‌లైన్ అప్లికేషన్లు, హాల్ టికెట్లు, ఆధార్ ప్రింట్లు, రైతుల భూమి కాగితాలు... ఊరి పనులు సగం ఆ చిన్న గది మీదే నడుస్తాయి. షాపు నడిపే భాయ్ ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశాడు.

‘‘తమ్మీ, జర వచ్చిపో. పొద్దటిసంది ఒక్క కాయితం రాలే.’’

‘‘ఏం చేసిన్రు భాయ్? ఏమన్న మార్చిన్రా?’’

‘‘కంప్యూటర్ స్లో ఉందని మొత్తం ఫార్మాట్ కొట్టించి కొత్త విండోస్ ఏయించిన. కంప్యూటరైతే గుర్రం లెక్క ఉరుకుతుంది. ప్రింటరే సచ్చింది.’’

నేను వెళ్లేసరికి స్కాలర్‌షిప్ ఫారాలు పట్టుకుని ఇద్దరు ఇంటర్ పిల్లలు నిలబడి ఉన్నారు. ఇక్కడ ప్రింట్ రాకపోతే వాళ్లు జహీరాబాద్ బస్సెక్కాలి. ఐదు రూపాయల ప్రింటు కోసం బస్ చార్జీలు, సగం రోజు. భాయ్‌కి పోయేది ఆ ఐదు రూపాయలే కాదు. ఒకసారి పక్క షాపుకి అలవాటు పడ్డ గిరాకీ అంత తొందరగా వెనక్కి రాదు. కొత్త ప్రింటర్ కొనాలంటే అలాంటి ఐదు రూపాయల ప్రింట్లు కనీసం రెండు వేలు తీయాలి. అదీ కాగితం, టోనర్, కరెంటు ఖర్చులు లెక్కేసుకోకుండా!

అక్కడ చేసిన పనులే వరసగా చెప్తాను. మీ ఇంట్లో ప్రింటర్‌కి కూడా ఇదే వరస. దాటేయకుండా ఒక్కో మెట్టూ ఎక్కండి.

మొదటి మెట్టు: ప్రింటర్ బతికుందా?

ముందు కంప్యూటర్‌ని పక్కన పెట్టండి. చాలా ప్రింటర్లలో సెల్ఫ్ టెస్ట్ ఉంటుంది. యూఎస్‌బీ కేబుల్ పీకేసి, ప్రింటర్ మీద ఉన్న బటన్‌ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే అదే ఒక పేజీ కొడుతుంది. ఏ బటన్, ఎంతసేపు అన్నది మోడల్‌ని బట్టి మారుతుంది. మోడల్ పేరు కొట్టి వెతికితే దొరుకుతుంది.

భాయ్ షాపులో ఆ పేజీ చక్కగా వచ్చింది. ‘‘అరె, సావలేదు తమ్మీ!’’ అన్నాడు భాయ్. అంటే టోనర్, డ్రమ్ము, రోలర్లు అన్నీ బాగున్నట్టే. ఇక గొడవంతా కంప్యూటర్ వైపే. ఈ ఒక్క పేజీతో సగం భయం పోతుంది.

రెండో మెట్టు: క్యూలో ఎవరైనా అడ్డం పడ్డారా?

ప్రింట్ రాకపోతే మనమేం చేస్తాం? మళ్లీ కొడతాం. ఇంకోసారి కొడతాం. ఆ పనులన్నీ స్పూలర్ అనే చోట వరసగా నిలబడతాయి. ముందున్నది ఇరుక్కుంటే వెనకున్నవేవీ కదలవు. రేషన్ షాపు లైన్‌లో ముందున్నాయన వేలిముద్ర పడకపోతే వెనకాల అందరూ ఆగిపోయినట్టే.

ముందు సెర్చ్‌లో ‘సర్వీసెస్’ అని కొట్టి తెరవండి. అందులో ప్రింట్ స్పూలర్ మీద రైట్ క్లిక్ చేసి స్టాప్ కొట్టండి. తర్వాత సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్, దాంట్లో సిస్టమ్32, దాంట్లో స్పూల్, దాంట్లో ప్రింటర్స్ అనే ఫోల్డర్‌కి వెళ్లండి. ఆ ప్రింటర్స్ ఫోల్డర్ లోపల ఉన్న ఫైళ్లు మాత్రమే డిలీట్ చేయాలి. ఫోల్డర్‌ని ముట్టుకోవద్దు. మళ్లీ సర్వీసెస్‌కి వచ్చి స్పూలర్‌ని స్టార్ట్ చేయండి. భాయ్ కంప్యూటర్‌లో ఒకే హాల్ టికెట్ పదకొండు సార్లు క్యూలో ఉంది!

మూడో మెట్టు: వేరే ప్రింటర్‌కి పోతోందేమో?

అప్‌గ్రేడ్ తర్వాత సెట్టింగ్స్‌లో ప్రింటర్స్ అండ్ స్కానర్స్ తెరిస్తే ఒక్కోసారి మీ ప్రింటర్ పేరు రెండుసార్లు కనిపిస్తుంది. రెండో దాని పక్కన ‘కాపీ 1’ అని ఉంటుంది. ఉన్నది ఒకటే మెషీన్. కంప్యూటర్ లెక్కలో మాత్రం రెండు. మీరు కొట్టేది పాత పేరుకి, కేబుల్ ఉన్నది కొత్త పేరుకి. ఇంకేం వస్తుంది?

రెండింటికీ టెస్ట్ పేజీ కొట్టి చూడండి. పని చేసేదాన్ని డిఫాల్ట్ చేసి, రెండోదాన్ని తీసేయండి. ‘డిఫాల్ట్ ప్రింటర్‌ని విండోసే చూసుకుంటుంది’ అనే అర్థం వచ్చే స్విచ్ ఒకటి అక్కడే ఉంటుంది. దాన్ని ఆఫ్ చేస్తే మంచిది. లేదంటే చివరిసారి వాడినదాన్నే అది డిఫాల్ట్ చేసేస్తూ ఉంటుంది. ప్రింటర్ క్యూ తెరిచినప్పుడు ‘యూజ్ ప్రింటర్ ఆఫ్‌లైన్’కి టిక్ ఉందేమో కూడా చూడండి. ఉంటే తీసేయండి.

నాలుగో మెట్టు: అసలు దుబాసీ

భాయ్ దగ్గర ప్రింటర్ పేరు కింద ‘డ్రైవర్ ఈజ్ అన్‌అవైలబుల్’ అని ఉంది. అసలు కథ దొరికిపోయింది. పాత కంప్యూటర్‌లో నడిచింది 32 బిట్ విండోస్. సొరుగులో ఉన్న సీడీ కూడా అప్పటిదే.

ఇక్కడ ఒక విషయం తెలుసుకోవాలి. ఖరీదైన ఆఫీసు ప్రింటర్లకి సొంత బుర్ర ఉంటుంది. పోస్ట్‌స్క్రిప్ట్, పీసీఎల్ లాంటి అందరికీ తెలిసిన భాషలు వాటికి వచ్చు. సొంత డ్రైవర్ లేకున్నా విండోస్‌లో ఉండే సాదా డ్రైవర్‌తో ఎలాగోలా నెట్టుకొస్తాయి. మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే చౌక రకం చిన్న లేజర్ ప్రింటర్లు చాలావరకు వేరే జాతి. వీటిని హోస్ట్ బేస్డ్ అంటారు. పేజీని వండే పనంతా కంప్యూటర్‌ది. ప్రింటర్ వడ్డిస్తుందంతే. అందుకే అవి చౌక. అందుకే వాటికి సొంత డ్రైవర్ లేకపోతే ఒక్క అక్షరం కూడా దిగదు.

మేం చేసింది ఇదీ. ముందు ప్రింటర్‌ని రిమూవ్ చేశాం. అంతటితో ఆపలేదు. ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌లోనే ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్ అని ఉంటుంది. అందులో డ్రైవర్స్ ట్యాబ్‌కి వెళ్లి, ఆ మోడల్ పేరుతో మిగిలిన సగం సగం డ్రైవర్‌ని కూడా తీసేశాం. తర్వాత కేబుల్ పీకి, కంప్యూటర్ రీస్టార్ట్ చేశాం.

ఆ ప్రింటర్ తయారుచేసిన కంపెనీ సైట్‌లో మోడల్ నంబర్ కొడితే సపోర్ట్ పేజీ దొరికింది. లిస్టులో విండోస్ 11 లేదు. చాలామంది ఇక్కడే ‘అయిపోయింది’ అని వెనక్కి తిరుగుతారు. తిరగొద్దు. విండోస్ 10, 64 బిట్ అని ఎంచుకోండి. దానికి రాసిన డ్రైవర్లు చాలావరకు విండోస్ 11లో కూడా నడుస్తాయి. అది డౌన్‌లోడ్ చేసి, కేబుల్ పెట్టకుండానే ఇన్‌స్టాల్ మొదలుపెట్టాం. ‘ఇప్పుడు కేబుల్ పెట్టండి’ అని అడిగినప్పుడే పెట్టాం. ఈ వరస ముఖ్యం. ముందే కేబుల్ పెడితే విండోస్ తనకి తోచిన డ్రైవర్‌ని అంటగట్టే అవకాశం ఉంది.

ఇన్‌స్టాలర్ మొరాయిస్తే దాని మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ ట్యాబ్‌కి వెళ్లి పాత విండోస్‌ని ఎంచుకుని చూడండి. భాయ్ షాపులో అంత దూరం వెళ్లాల్సిన పని పడలేదు. టెస్ట్ పేజీ వచ్చింది. దాని వెనకే ఇంటర్ పిల్లల ఫారాలు వచ్చాయి. టీతో కలిపి గంటన్నర పని. ఖర్చు సున్నా.

ఈ మూడూ చేయొద్దు

ఒకటి: ‘డ్రైవర్ అప్‌డేటర్’, ‘ఫ్రీ డ్రైవర్ డౌన్‌లోడ్’ అని కనిపించే ముక్కూమొహం తెలియని సైట్ల జోలికి పోవద్దు. డ్రైవర్‌కి కంప్యూటర్‌లో పెద్ద అధికారాలు ఉంటాయి. దాని ముసుగులో వచ్చిన దొంగ సాఫ్ట్‌వేర్ మీ పాస్‌వర్డ్‌లన్నీ ఊడ్చుకుపోవచ్చు. ఊరంతటి ఆధార్ కాపీలు ఉండే షాపు కంప్యూటర్‌లో అది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

రెండు: ఎవరో వీడియోలో చెప్పారని విండోస్ సెక్యూరిటీలో మెమరీ ఇంటిగ్రిటీని ఆపేసి వదిలేయొద్దు. దొంగ డ్రైవర్లని గుమ్మం దగ్గరే ఆపే కాపలా అది. ఒక ప్రింట్ కోసం కాపలావాణ్ని ఇంటికి పంపేస్తామా?

మూడు: ఫార్మాట్ కొట్టకుండా పాతదాని మీదే అప్‌గ్రేడ్ చేసి ఉంటే తొందరపడి డిస్క్ క్లీన్ చేయొద్దు. పది రోజుల లోపు సెట్టింగ్స్‌లో రికవరీకి వెళ్లి ‘గో బ్యాక్’ కొడితే పాత విండోస్ తిరిగి వస్తుంది. మొత్తం ఫార్మాట్ చేసినవాళ్లకి ఆ వీలుండదు.

ప్రింట్ వచ్చింది... తెలుగు ఏది?

మనవాళ్లకి మాత్రమే వచ్చే తలనొప్పి ఒకటుంది. ప్రింటర్ పని చేస్తుంది, ఇంగ్లిష్ బాగానే వస్తుంది. పాత తెలుగు ఫైల్ తెరిస్తే మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలిసిన పిచ్చి గీతలు! వెంటనే ప్రింటర్‌ని తిట్టుకుంటాం. పాపం, దాని తప్పేం లేదు.

అను ఫాంట్స్‌తో టైప్ చేసిన ఫైళ్లు యూనికోడ్ కాదు. ఆ ఫాంట్ కంప్యూటర్‌లో లేకపోతే అక్షరాలు అలాగే గజిబిజిగా కనిపిస్తాయి. ఫార్మాట్ చేసినప్పుడు ఫాంట్లు కూడా పోయాయి కాబట్టి వాటిని మళ్లీ వేసుకోవాల్సిందే.

యూనికోడ్‌లో టైప్ చేసినా ఇంకో చిక్కు రావచ్చు. విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి మనకి తెలిసిన గౌతమి, ఆ తర్వాత వచ్చిన వాణి ఫాంట్లు ఇప్పుడు అన్ని కంప్యూటర్లలో ముందే ఉండవు. వాటి బదులు నిర్మలా యూఐ అనే ఫాంట్ కనిపిస్తుంది. తెలుగు చదవగలం కానీ, లైన్లు జారిపోతాయి. ఒక పేజీ అప్లికేషన్ రెండో పేజీలోకి పాకుతుంది. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కి వెళ్లి ‘తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్’ అని వెతికి వేసుకోండి. గౌతమి, వాణి రెండూ వచ్చేస్తాయి.

ముందుముందు ఏం జరగబోతోంది?

ప్రింటర్ డ్రైవర్ల విషయంలో మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబర్‌లోనే ఒక ప్రణాళిక ప్రకటించింది. దాని ప్రకారం 2026 జనవరి నుంచి ప్రింటర్ కంపెనీలు కొత్త డ్రైవర్లని విండోస్ అప్‌డేట్‌లో పెట్టడం ఆగిపోతుంది. 2026 జులై నుంచి డ్రైవర్ ఎంచుకునేటప్పుడు విండోస్ తన సొంత ఐపీపీ డ్రైవర్‌కే మొదటి పీట వేస్తుంది. 2027 జులై నుంచి సెక్యూరిటీ మరమ్మతులు తప్ప కంపెనీల డ్రైవర్లకి అప్‌డేట్లు ఉండవు. అంటే ఉన్న ప్రింటర్లు ఆ రోజు నుంచి ఆగిపోతాయని కాదు. కంపెనీ సైట్ నుంచి డ్రైవర్ తెచ్చి మనమే వేసుకోవచ్చు. విండోస్ దానంతటదే వెతికి పెడుతుందన్న ధీమా మాత్రం తగ్గుతుంది.

ఈ మార్పుకి కారణం లేకపోలేదు. 2021లో ప్రింట్‌నైట్‌మేర్ అనే లోపం బయటపడింది. ప్రింట్ స్పూలర్‌లోని సందులోంచి దూరి కంప్యూటర్ మొత్తాన్ని చేతిలోకి తీసుకునే వీలు దాంతో దొరికింది. అంతకుముందు 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ వైరస్ పాకడానికి వాడుకున్న దారుల్లో కూడా ప్రింట్ స్పూలర్ లోపం ఒకటి. కాబట్టి ‘ఎవరి డ్రైవర్ వాళ్లు తెచ్చుకోవడం కాదు, అందరికీ ఒకటే భాష’ అన్న ఆలోచన తప్పేం కాదు. ఫోన్ నుంచి నేరుగా ప్రింట్ ఇవ్వగలుగుతున్నామంటే ఆ ఉమ్మడి భాషల పుణ్యమే. చిక్కంతా ఆ భాష రాని పాత ప్రింటర్లదీ, వాటి మీద బతికే చిన్న షాపులదీ.

ఏదీ పనిచేయకపోతే?

అప్పుడూ తుక్కులో వేయక్కర్లేదు. పాత కంప్యూటర్ మూలన ఉంటే దానికి లైనక్స్ వేసి చూడండి. ముందు పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, నచ్చితేనే ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. అందులో కప్స్ అనే ప్రింటింగ్ వ్యవస్థ ఉంటుంది. మన దగ్గర ఎన్నో షాపుల్లో కనిపించే హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 లాంటి హోస్ట్ బేస్డ్ ప్రింటర్లకి కూడా ఉచిత డ్రైవర్లు రాసిపెట్టిన పుణ్యాత్ములు ఉన్నారు. కప్స్ ద్వారా ప్రింటర్‌ని షేర్ చేస్తే వైఫైలో ఉన్న మిగతా కంప్యూటర్లు, ఫోన్లు కూడా వాడుకోవచ్చు.

అసలు ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమం వెనకే ఒక ప్రింటర్ ఉందని తెలుసా? 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ ల్యాబ్‌కి జిరాక్స్ వాళ్ల కొత్త లేజర్ ప్రింటర్ వచ్చింది. అది తరచూ జామ్ అయ్యేది. పాత ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే అందరికీ కబురు వెళ్లేలా రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ ఏర్పాటు చేసి ఉన్నాడు. కొత్తదానికీ అదే చేద్దామంటే, సాఫ్ట్‌వేర్ కోడ్ ఇవ్వడానికి ఒప్పుకోలేదు. ఆ అనుభవం ఆయన్ని వదల్లేదు. 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించడానికి దారితీసిన విషయాల్లో అదీ ఒకటి. మన వస్తువు మన మాట వినాలంటే దాని భాష మన చేతిలో ఉండాలి. ఆయన అన్నా, కోహీర్ భాయ్ అన్నా గొడవ అదే!

ఈ రోజే చేయాల్సిన పని

ఇంకా అప్‌గ్రేడ్ చేయలేదా? అయితే మీరు అదృష్టవంతులు. ముందుగా మీ ప్రింటర్ మోడల్‌కి 64 బిట్ డ్రైవర్ ఉందో లేదో కంపెనీ సైట్‌లో చూడండి. ఉంటే డౌన్‌లోడ్ చేసి ఒక పెన్‌డ్రైవ్‌లో, ఒక కాపీ గూగుల్ డ్రైవ్‌లో పెట్టుకోండి. వాడే తెలుగు ఫాంట్లు కూడా దాంట్లోనే వేయండి. పాత మోడళ్ల పేజీలు కంపెనీల సైట్లలో ఎల్లకాలం ఉంటాయన్న గ్యారంటీ లేదు.

కొత్త ల్యాప్‌టాప్ కొంటున్నారా? స్నాప్‌డ్రాగన్ లాంటి ఆర్మ్ ప్రాసెసర్ ఉన్నదైతే మామూలు 64 బిట్ డ్రైవర్లు దానికి పనికిరావు, దానికంటూ వేరే డ్రైవర్ కావాలి. కొనే ముందే అడగండి. కొత్త ప్రింటరే కొనక తప్పదంటే డబ్బా మీద ఎయిర్‌ప్రింట్, మోప్రియా గుర్తులు ఉన్నాయేమో చూడండి. అవి ఉంటే దానికి ఉమ్మడి భాష వచ్చినట్టే.

ఇంట్లో అమ్మానాన్నల షాపు కావచ్చు, బాబాయ్ మీసేవ సెంటర్ కావచ్చు, ఊరి స్కూలు ఆఫీసు కావచ్చు. పెద్దవాళ్లు ‘ప్రింటర్ పోయింది’ అంటే పోయిందని నమ్మేయకండి. కేబుల్ పీకి, బటన్ నొక్కి పట్టుకోండి. పేజీ వచ్చిందా? అయితే అది బతికే ఉంది. ఇక దుబాసీని వెతకడం మీ వంతు.